బాంబుకు వెయ్యి కొలతలు, బావికి ఒక్కటీ లేదు

స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంఘాలకు అణుపరీక్షలతో ఏం పని? ఈ ప్రశ్న బయటివాళ్ళు అడిగితే ఏదో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మన సమావేశాల్లోనే, మన వాళ్ళ నోటి నుంచే వినిపిస్తోంది. కట్నం, సారా, కూలిరేట్లు, భూమి పట్టాలు, ఇంటా బయటా హింస ఇన్ని ఉండగా ఎక్కడో రాజస్థాన్ ఎడారిలో ఎప్పుడో పేలిన బాంబు మనకెందుకంటారు. అది దేశరక్షణ విషయం, శాస్త్రవేత్తల విషయం, పెద్ద పెద్ద మగవాళ్ళ విషయం అని మనమే ఒక గీత గీసుకుని దానికి ఇవతల నిలబడుతున్నాం. ఆ గీత మనకు మేలు చేయదని చెప్పటానికే ఇది రాస్తున్నాను.

నేను అనంతపురం జిల్లా విడపనకల్లు మండలంలో కూలి స్త్రీల సంఘాలతో పనిచేస్తాను. భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని కాను. అయినా బాంబు పరీక్ష గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను. ఎందుకంటే పరీక్ష అంటే ముఖ్యంగా కొలతల పని. కొలిచేవాడి చేతిలో టేపు ఉంటే కొలిపించుకునేవాళ్ళ బతుకు ఎట్లా ఉంటుందో మా కూలి స్త్రీలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

పేలుడుకు ముందు జరిగే పని

అణుపరీక్ష అనగానే అందరికీ పేలుడే గుర్తొస్తుంది. పేలుడు రెప్పపాటు కూడా పట్టదు. దానికి ముందు నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి జరిగేది తవ్వకం పని, తీగల పని. బావి లాంటి లోతైన గొయ్యి తవ్వుతారు. బాంబును అడుగుకు దించుతారు. బాంబు నుంచి, దాని చుట్టూ అమర్చిన సాధనాల నుంచి కేబుళ్ళు పైకి తెస్తారు. తర్వాత ఇసుకతో, సిమెంటుతో గొయ్యిని పూడుస్తారు. పైకి వచ్చిన కేబుళ్ళను దూరంగా ఉన్న బంకర్లకు, పరికరాల బండ్లకు కలుపుతారు. కింద ఉన్న సాధనాలు పేలుడులో ఆవిరైపోతాయి. అవి ఆవిరయ్యేలోగా పంపిన సంకేతం కేబుల్ గుండా పైకి చేరాలి. అందుకే ప్రతి అతుకునూ పదిసార్లు పరీక్షిస్తారు. ఒక్క తీగ తెగినా అంత ఖర్చూ వృథా. కొన్ని పద్ధతుల్లో కేబులే కొలబద్ద అవుతుంది. పేలుడు తాకిడికి అది ఎంత వేగంగా నలిగి పొట్టిదవుతుందో చూసి బాంబు శక్తిని లెక్కగడతారు. అమెరికాలోని నెవాడాలో పరికరాల బండ్లకు భూమి అదురు తగలకుండా కింద మెత్తటి దిమ్మెలు కూడా అమర్చేవారు.

మన దేశంలోనూ కథంతా ఈ తీగల చుట్టూనే తిరిగింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో మొదటి పరీక్ష జరిగింది. 107 మీటర్ల లోతు గొయ్యిని సైన్యపు ఇంజనీర్లు తవ్వారు. దానికి శాంతియుత విస్ఫోటనం అని పేరు పెట్టారు. 1980ల మొదట్లో మళ్ళీ గోతులు తవ్వి ఆపేశారు. 1995 చివర్లో, మన తెలుగువాడు పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, మూడోసారి ఏర్పాట్లు మొదలయ్యాయి. గోతుల దగ్గర జరుగుతున్న పనీ, పరచిన కేబుళ్ళూ అమెరికా ఉపగ్రహాల కంటపడ్డాయి. పని ఆగిపోయింది. 1998లో ఆ తప్పు మళ్ళీ జరగకూడదని రాత్రిళ్ళు పనిచేశారు. కేబుళ్ళను ఇసుక కింద దాచారు. శాస్త్రవేత్తలు సైనికుల దుస్తులు వేసుకున్నారు. అప్పుడు ప్రధానిగా ఉన్న వాజ్‌పేయి, తనకు బాంబు సిద్ధం చేసి ఇచ్చింది నరసింహారావేనని తర్వాత తానే చెప్పాడు. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఆ తీగలు పరుచుకుంటూనే పోయాయని దీని అర్థం.

1998 మే 11న మూడు, 13న రెండు పేల్చారు. కొలతలు వచ్చాయి. గోతుల్లోకి మళ్ళీ రంధ్రాలు వేసి లోపలి రాతిని తెచ్చి, అందులోని అణుధార్మికతను కూడా కొలిచారు. ఎవరి ఆరోగ్యం కోసమో కాదు, బాంబు ఎంత గట్టిగా పేలిందో తేల్చటానికి.

ఖేతోలాయ్ దగ్గర ఏ కేబులూ లేదు

పరీక్ష జరిగిన చోటికి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఖేతోలాయ్ అనే ఊరుంది. ఎక్కువమంది బిష్ణోయీలు. చెట్టును నరకటం, జింకను చంపటం మహాపాపంగా ఎంచే జనం. మే 11న సైనికులు వచ్చి ఇళ్ళలో ఉండొద్దు, బయటికి వచ్చి చెట్ల కింద కూర్చోండి అన్నారు. భూమి అదిరింది. గోడలు నెర్రెలిచ్చాయి. వాననీళ్ళు దాచుకునే నేలతొట్లు పగుళ్ళు బారాయి. ఎడారిలో నీటితొట్టి పగలటమంటే ఏమిటో మనకు విడమరచి చెప్పనక్కరలేదు. పరికరాల కింద మెత్తటి దిమ్మె పెట్టటం తెలిసిన శాస్త్రం మనిషి ఇంటి కింద ఏమీ పెట్టలేదు.

తమ ఊళ్ళో క్యాన్సర్లు పెరిగాయని, పశువులకు జబ్బులొస్తున్నాయని, వైద్య పరీక్షలు చేయించమని ఖేతోలాయ్ ప్రజలు అప్పటి నుంచీ అడుగుతూనే వచ్చారు. భూమి పైకి అణుధార్మికత రాలేదని ప్రభుత్వం ప్రకటించింది. నిజమే కావచ్చు. నేను ఆ మాటను అబద్ధమనటం లేదు. అయితే ఒక ప్రశ్న వేస్తాను. ఆ మాట నిజమైతే దాన్ని నిరూపించటం ఎంత తేలిక! ఊరి బావుల నీళ్ళు, పశువుల పాలు, పుట్టిన బిడ్డలు, పోయిన ప్రాణాలు, ఏటేటా లెక్క రాసి, ఆ లెక్కను ఊరి గోడ మీద వాళ్ళ భాషలో అంటిస్తే చాలు. వందల అడుగుల లోతులో సెకనులో లక్షో వంతు కాలాన్ని కొలవగలిగిన దేశానికి ఒక పల్లెలో చావుపుట్టుకల లెక్క తీయటం కష్టమా?

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. 2009లో పెద్ద వివాదం రేగింది. 1998 పరీక్షల ఏర్పాట్లలో ముఖ్యుడైన రక్షణ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్త కె. సంతానం, హైడ్రోజన్ బాంబు అనుకున్నంత శక్తితో పేలలేదని బయటికి చెప్పాడు. తమ పరికరాల లెక్క అట్లా ఉందన్నాడు. బాబా అణు పరిశోధనా కేంద్రం వాళ్ళు తమ పరికరాల లెక్క ప్రకారం బాగానే పేలిందన్నారు. పత్రికల్లో, టీవీల్లో నెలల తరబడి వాదులాట. ఎవరి యంత్రం సరైనది, ఎవరి అంకె సరైనది అని మహామహులు కొట్టుకున్నారు. ఈ సంగతి మా సంఘం మీటింగులో చెబితే ఒక పెద్దావిడ అడిగింది: "బాంబు బాగ పేలిందా లేదా అని పదేండ్ల తర్వాత గూడా కొట్లాడిరి గదక్కా. ఆ ఊరోళ్ళ నీళ్ళు బాగుండాయా లేదా అని ఒగరన్నా కొట్లాడిరా?"

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. రాజ్యం దేన్ని కొలుస్తుందో అదే దాని దృష్టిలో విలువైనది. దేన్ని కొలవకుండా వదిలేస్తుందో దాన్ని నష్టపోవటానికి అది ముందే సిద్ధపడి ఉంటుంది.

మా రాయి కింద ఉన్నవి

పోఖ్రాన్ ఎక్కడో ఉందనుకుంటున్నాం. అది జైసల్మేర్ జిల్లాలో ఉంది. మన జిల్లా గురించి ఏ ఉపన్యాసం మొదలైనా, దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది అనంతపురంలోనే అంటారు. అంటే కరువులో మనకు అక్క లాంటి జిల్లా అది. వానలేని నేలను చూసి అక్కడివాళ్ళు ఎట్లా బతుకుతున్నారని రాజ్యం అడగదు. ఇక్కడ ఎవరూ లేరు కదా అనుకుంటుంది. నెవాడా ఎడారిలో పశ్చిమ షోషోనీ ఆదివాసులు, ఆస్ట్రేలియాలోని మరలింగలో ఆదివాసులు, కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో పశువుల కాపరులు, వీళ్ళందరి నేలలూ పాలకుల పటాల్లో ఖాళీ జాగాలే. మెట్టప్రాంతంలో ఉన్న మనం ఈ వరసను గమనించాలి.

ఇంకా దగ్గరికి రండి. హిందూపురం దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే గౌరీబిదనూరు. అక్కడి పల్లెల్లో మన తెలుగే వినిపిస్తుంది. 1965లో బ్రిటిష్ అణుశక్తి సంస్థ సహకారంతో మన అణుశక్తి శాఖ అక్కడ భూకంపాలను నమోదుచేసే పరికరాల వరుసను కట్టింది. ఎల్ అక్షరం ఆకారంలో రెండు చేతులు చాచినట్టు, ఒక్కోటీ ఇరవై కిలోమీటర్ల పైన, మొత్తం ఇరవై సీస్మోమీటర్లు. ప్రపంచంలో ఎవరు భూమి లోపల అణుబాంబు పేల్చినా పసిగట్టటానికి. 1998 మే 28న పాకిస్తాన్ చాగై కొండల్లో చేసిన పరీక్షలను కూడా అది పట్టుకుంది. ఆ తావునే ఎందుకు ఎంచుకున్నారు? అడుగున గట్టి పాతరాయి ఉంది కనుక. వేల మైళ్ళ అవతలి అదురు కూడా ఆ రాతిలో స్పష్టంగా వినిపిస్తుంది.

అనంతపురం జిల్లాలో చాలా భాగం కింద ఉన్నదీ అటువంటి రాయే. బోర్లు వందల అడుగుల లోతుకు పోయేకొద్దీ ఆ రాతి నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ప్రమాణం. అది దాటిన నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు, మోకాళ్ళు వంకరపోయినవాళ్ళు, నలభై ఏళ్ళకే నడుము వంగినవాళ్ళు మన జిల్లాలో ఎంతమంది! కడుపుతో ఉన్న ఆడమనిషి, పాలిచ్చే తల్లి అవే నీళ్ళు తాగింది, అవే నీళ్ళు మోసింది. ఒకే రకం రాతి మీద రాజ్యం 1965లోనే పరాయి దేశపు బాంబుల కోసం చెవి పెట్టింది. ఆ రాతి నుంచి మన ఎముకల్లోకి దిగుతున్న విషాన్ని వినటానికి మాత్రం తీరిక లేకపోయింది. చివరికి 1990ల మధ్యలో మన జిల్లాలో వందల గ్రామాలకు మంచినీళ్ళు తెచ్చే పని పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఎత్తుకోవలసి వచ్చింది. ఆ మేలును కాదనను. కానీ బాంబు ఎప్పుడూ దాతల మీద ఆధారపడలేదు. దానికి బడ్జెట్ ఉంది. నీళ్ళకే దాత కావలసి వచ్చింది.

మగబిడ్డ పుట్టాడు

ఇందులో స్త్రీల సమస్య ఏముందనేవాళ్ళకు ఇంకో చరిత్ర చెబుతాను. 1952 నవంబరు 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవుల్లో మొదటి హైడ్రోజన్ బాంబు పేల్చింది. దాని సృష్టికర్తల్లో ఒకడైన ఎడ్వర్డ్ టెల్లర్ అక్కడికి పోలేదు. కాలిఫోర్నియాలో ఒక సీస్మోగ్రాఫ్ ముందు కూర్చుని గీత కదలటం చూశాడు. వెంటనే తన సహచరులకు తంతి కొట్టాడు, మగబిడ్డ అని. ఒక దీవి సముద్రంలో లేకుండా పోయింది, ఆ వార్త పేరు మగబిడ్డ! అంటే విఫలమైతే ఆడపిల్ల అన్నమాట. ఆడపిల్ల పుట్టిందని మొహం తిప్పుకునే అత్తలను, భర్తలను అజ్ఞానులంటూ క్లాసులు పీకుతాం కదా, మరి ఈ మహాజ్ఞానిని ఏమనాలి?

1998లో మనవాళ్ళూ తక్కువ తినలేదు. మనం నపుంసకులం కాదని నిరూపించుకున్నామని శివసేన అధినేత బాల్ ఠాక్రే ప్రకటించాడు. ఒక్క మాటతో స్త్రీలనూ హిజ్రాలనూ దేశం నుంచి అవతలికి తోసి, దేశమంటే మగతనం అని తేల్చేశాడు. ఇంట్లో చెయ్యెత్తే మగతనమూ, దేశం పేరిట బాంబెత్తే మగతనమూ వేరువేరు అనుకుంటే మన పోరాటం సగంలోనే ఆగిపోతుంది.

కొలిస్తే సరిపోతుందా?

అయితే ప్రజలను కూడా కొలవమని అడిగితే చాలా? చాలదు. కొలత ఎవరిదో తేల్చకుండా అడిగితే ఏమవుతుందో మార్షల్ దీవుల స్త్రీలు అనుభవించారు.

1954 మార్చి 1న బికినీలో అమెరికా పేల్చిన బాంబు అనుకున్నదానికి రెండున్నర రెట్లు శక్తితో, 15 మెగాటన్నులతో పేలింది. తెల్లటి బూడిద చుట్టుపక్కల దీవుల మీద రాలింది. రోంగెరిక్ అనే దీవిలో 28 మంది అమెరికన్ సిబ్బంది వాతావరణ పరికరాల కేంద్రం నడుపుతున్నారు. వాళ్ళ రేడియేషన్ మీటరు ముల్లు చివరికంటా పోయింది. వాళ్ళను మరునాడే తరలించారు. బికినీకి ఇంకా దగ్గరగా ఉన్న రోంగెలాప్ దీవిలో పిల్లలు ఆ బూడిదలో ఆడుకున్నారు. వాళ్ళ దగ్గర మీటరు లేదు. వాళ్ళను తీసుకుపోయింది ఆ తర్వాతి రోజు.

అప్పటి నుంచి వాళ్ళను కొలవటం మొదలైంది. రహస్య అధ్యయనం పెట్టారు. రక్తం తీశారు, మూత్రం పట్టారు. 1957లో మళ్ళీ అదే దీవికి పంపి, అక్కడ వాళ్ళు నివసిస్తే మనుషుల గురించి విలువైన సమాచారం దొరుకుతుందని తమ నివేదికల్లోనే రాసుకున్నారు. ఆడవాళ్ళకు గర్భాలు పోతున్నాయి, ఎముకలు లేని ముద్దల్లాంటి బిడ్డలు పుడుతున్నారు. వచ్చిన అంకెలన్నీ అమెరికాకు పోయాయి. 1985లో ప్రజలే తమ దీవిని వదిలి పడవెక్కారు. బాంబు పేలిన రోజున ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్న లిజోన్ ఎక్నిలాంగ్, 1995లో అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబడి తనకు ఏడుసార్లు గర్భం పోయిందని సాక్ష్యం చెప్పింది. అణ్వాయుధాల వాడకం, వాడతామనే బెదిరింపు సాధారణంగా అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని 1996 జూలై 8న ఆ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది.

సోషలిస్టు దేశమని చెప్పుకున్న సోవియట్ యూనియన్ చేసిందీ వేరు కాదు. సెమిపలాటిన్‌స్క్‌లో 1949 నుంచి 1989 వరకు 456 పరీక్షలు జరిగాయి. 1957లో అక్కడ ఒక దవాఖానా తెరిచారు. బోర్డు మీద పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లోసిస్ జబ్బు నివారణ కేంద్రమని రాశారు. లోపల చేసింది ప్రజల మీద రేడియేషన్ ప్రభావం రాసుకోవటం. అంటే పరికరాల కేంద్రాలు చాలక మనుషులనే పరికరాలుగా మార్చారు. 1945లో మొదటి బాంబు పేల్చిన న్యూమెక్సికోలో పక్క ఊళ్ళవాళ్ళకు నష్టపరిహారపు చట్టంలో చోటు దొరకటానికి 2025 వరకు, ఎనభై ఏళ్ళు పట్టింది.

టేపు మన చేతికి రావాలి

ఇక్కడే మన కూలి స్త్రీల అనుభవం అక్కరకొస్తుంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ఆ పనుల్లో మా మండలం స్త్రీలు తవ్విన ప్రతి గుంటనూ టేపుతో కొలిచారు. పొడవు, వెడల్పు, లోతు. జానెడు తగ్గితే కూలి తగ్గింది. నేల గట్టిదా మెత్తదా, తవ్వింది బాలింతా ముసలిదా అని టేపు చూడలేదు. మొదట్లో కొలతల పుస్తకంలో ఏం రాశారో మాకెవరికీ తెలియదు. అదే 2006లో మన జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. మస్టరు, కొలతలు, చెల్లింపులు ఊరి మధ్యన గట్టిగా చదివారు. నేను అంత పని చేయలేదని ఒకరు, నాకంత డబ్బు రాలేదని ఒకరు లేచి నిలబడ్డారు. కాగితం మీది అంకె నోటితో చదివి వినిపించేసరికి దానికి జవాబుదారీ పుట్టింది. తర్వాత ఆ తనిఖీలు ఎంత నీరుగారినా ఆ పాఠం మనది.

అణు విషయంలోనూ ఇట్లా చేసిన స్త్రీ ఉంది. డాక్టర్ సంఘమిత్ర గాడేకర్, ఆమె భర్త సురేంద్ర గాడేకర్ 1991లో రాజస్థాన్‌లోని రావత్‌భాటా అణువిద్యుత్ కేంద్రం పక్క ఊళ్ళలో ఇంటింటికీ తిరిగారు. దూరపు ఊళ్ళతో పోల్చి చూశారు. దగ్గరి ఊళ్ళలో పుట్టుకతో వచ్చే అవకరాలు, చనిపోయి పుట్టే బిడ్డలు ఎక్కువని తేల్చారు. అణుశక్తి శాఖ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఆ ఊళ్ళ తల్లుల మాట మొదటిసారి అంకెగా మారి వాదానికి నిలబడింది. ప్రశ్నల కాగితం పట్టుకుని ఇంటింటికీ పోవటం మనకు కొత్త పనా? మనం రోజూ చేసేదే కదా!

పాకిస్తాన్ దగ్గర బాంబు ఉంటే మన దగ్గర వద్దా అని అడుగుతారు. 1998 మే 11న మనం పేల్చాం, 28న వాళ్ళు పేల్చారు. మరుసటి ఏడాదే కార్గిల్‌లో యుద్ధం వచ్చింది, రెండు వైపులా తల్లులు కొడుకులను పోగొట్టుకున్నారు. బాంబు యుద్ధాన్ని ఆపలేదు. సరిహద్దుకు అటు పక్క చాగైలోనూ ఎండిన కొండలే, పేద జనమే. ఆ స్త్రీలకూ మనకూ శత్రుత్వం ఏముంది?

కనుక మన సంఘాలు నాలుగు విషయాలు చేపట్టాలని కోరుతున్నాను. ఒకటి, ఖేతోలాయ్ చుట్టుపక్కల ఊళ్ళలో ప్రభుత్వంతో సంబంధం లేని వైద్యులతో ఆరోగ్య పరిశీలన జరిపించి ఫలితాలను ఆ ప్రజలకు వాళ్ళ భాషలో ఇవ్వాలని మనమూ తీర్మానాలు చేయాలి. రెండు, అణ్వాయుధాలను నిషేధించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2017లో వచ్చి 2021 జనవరి 22 నుంచి అమలులో ఉంది. రేడియేషన్ వల్ల స్త్రీలకు, ఆడపిల్లలకు ఎక్కువ హాని జరుగుతుందని దాని పీఠికలోనే గుర్తించారు. భారతదేశం అందులో చేరలేదు. చేరాలని అడగాలి. మూడు, పక్కనున్న కడప జిల్లా తుమ్మలపల్లి యురేనియం గని చుట్టుపక్కల రైతులు తమ బోరునీళ్ళు పాడయ్యాయంటున్నారు. ఆ యురేనియం విద్యుత్తుకేనంటారు, కావచ్చు. నీళ్ళ పరీక్షల ఫలితాలు గ్రామసభలో చదివి వినిపించాలన్న కోరికకు అది అడ్డం కాదు. నాలుగు, మన ఊళ్ళలో ప్రతి బోరుకూ ఫ్లోరైడ్ ఎంతుందో రంగుతో రాసిన బోర్డు ఉండాలి. ఆ అంకె రాసే పని ఊరి స్త్రీల చేతిలో ఉండాలి.

తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు ఆంధ్ర సరిహద్దు దగ్గర ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో లెక్కగడతారు. బాంబు ఎన్ని కిలోటన్నులో లెక్కగడతారు. మన గుంట ఎన్ని అంగుళాలో లెక్కగడతారు. కొలవటం రాజ్యానికి చేతకాక కాదు. కొలిచిన అంకె మనకు ఆయుధమవుతుందని దానికి తెలుసు. మనమూ తెలుసుకోవాలి.